కమ్యూనిటీ రేడియోలో మన చుట్టుపక్కల కబుర్లు: అతిథి మనసు విప్పి మాట్లాడాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: కమ్యూనిటీ రేడియోలో వారానికో అరగంట మీ చేతికి వచ్చింది. దగ్గర్లోని కళాకారులు, జరగబోయే కార్యక్రమాలు, వీధి సంగతులు మాట్లాడాలి. ఇప్పటిదాకా చేసినవి మాత్రం ప్రకటన చదివినట్టో, సన్మాన సభలా ఉన్నట్టో అనిపిస్తున్నాయి. అతిథులు ముక్తసరిగా జవాబిచ్చి ఊరుకుంటున్నారు. ఇలాగైతే కొన్నాళ్లకు విషయాలే దొరకవేమోనని మీకు టెన్షన్. నేను చాలా ఏళ్లుగా వాలంటీరుగా ఇలాంటి కార్యక్రమమే చేస్తున్నాను. నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి, నేను చెప్పబోయే చాలా విషయాలకు అదే మూలం. మన శ్రోతలు మన అతిథిని ఎరిగినవాళ్లు. ఇండియాలో కమ్యూనిటీ స్టేషన్ ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు. అమెరికాలో 2000లో మొదలైన 'లో పవర్ ఎఫ్‌ఎం' (తక్కువ శక్తితో నడిచే) స్టేషన్లకూ 100 వాట్లే గరిష్ఠం, దాని సిగ్నల్ సుమారు ఐదున్నర కిలోమీటర్లు అందుతుందని లెక్క. అంత చిన్న పరిధిలో ఇవాళ మైకు ముందు కూర్చున్న మనిషి రేపు పొద్దున బస్ స్టాప్‌లో శ్రోత పక్కనే నిలబడతాడు. ఆయన్ని 'సుప్రసిద్ధ కళాకారుడు', 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అని పరిచయం చేస్తే శ్రోతకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ మనిషి తెలుసు, తెలియనిది ఆయన పని. రోజూ కనబడే మనిషి తలుపేసుకుని లోపల కూర్చున్నాక ఏం చేస్తాడో వినాలని అందరికీ ఉంటుంది. మీ అరగంట అక్కడ మొదలవ్వాలి.

అందుకే 'మీకు ఈ కళ మీద ఆసక్తి ఎలా కలిగింది?' అనే ప్రశ్నతో నేను ఎప్పుడూ మొదలుపెట్టను. దానికి 'చిన్నప్పటి నుంచీ ఇష్టమండీ' తప్ప వేరే జవాబు రాదు. 'ఈ వారం ఏ పని మీద ఉన్నారు? అది ఎక్కడ ఆగింది?' అని అడుగుతాను. ఆగిపోయిన పని గురించి అడిగితే మనిషి వెంటనే దారిలో పడతాడు. నాటకాలకు లైట్లు వేసే ఒకాయన వచ్చినప్పుడు మొదట్లో అన్నిటికీ 'అవునండి, లేదండి' అనే అన్నారు. 'స్టేజి మొత్తం చీకటిగా ఉన్నప్పుడు నటుడు ఎక్కడున్నాడో మీకు ఎలా తెలుస్తుంది?' అని అడిగాను. ఇక ఆయన ఆగలేదు. నేల మీద అంటించే టేపు ముక్కలు, నటుడి అడుగుల చప్పుడు, ఒక నటి ఊపిరి తీసుకునే తీరును బట్టి లైటు వెలిగించడం, ఇవన్నీ చెప్పుకుంటూ పోయారు. అదే నాటకం చూసినవాళ్లు తర్వాత నాతో అన్న మాట: మళ్లీ వెళ్లి ఈసారి లైట్లు చూశామని.

ప్రశ్న చేతుల గురించి, పనిముట్ల గురించి, చెడిపోయిన వాటి గురించి ఉండాలి. పని మొదలుపెట్టాక మొదటి అరగంటలో ఏం చేస్తారు? పని బాగా రాలేదని ఎప్పుడు తెలుస్తుంది? ఎవరికి మొదట చూపిస్తారు? గోడల మీద బొమ్మలు వేసే అమ్మాయిని 'జనం ఎక్కువగా ఏ చోట చేయి పెడతారు?' అని అడిగితే, గోడలో అక్కడే రంగు త్వరగా పోతుందనీ, వేసేటప్పుడే అక్కడ రెండు పొరలు ఎక్కువ వేస్తాననీ చెప్పింది. ఆ వీధిలో నడిచేవాళ్లందరికీ అది తమ కథ.

వీలైతే అతిథిని స్టూడియోకు పిలవకండి, మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఇది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే సలహా. స్టూడియోలో మనిషి పరీక్ష రాయడానికి వచ్చినట్టు బిగుసుకుపోతాడు. తన చోట ఉంటే పనిముట్టు చేతిలోకి తీసుకుని మాట్లాడతాడు. పైగా రేడియోకు బొమ్మ లేదు కాబట్టి శబ్దమే చూపించాలి. డోలు చేసే ఆయన దగ్గర నేను అడిగింది ఒక్కటే: 'శ్రుతి కుదరని డోలు ఎలా మోగుతుందో ఒకసారి వినిపించండి, తర్వాత కుదిరింది వినిపించండి.' రెండు దెబ్బలు, మధ్యలో తాడు బిగిస్తున్న చప్పుడు. ఆ తేడా గురించి నేను పది నిమిషాలు వర్ణించినా అంత స్పష్టంగా ఉండేది కాదు.

వెళ్లిన చోట కొన్ని జాగ్రత్తలు కావాలి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, ఫ అక్షరాల దగ్గర గాలి కొట్టి చప్పుడొస్తుంది. ఖాళీ గది, టైల్స్ నేల ఉన్నచోట ప్రతిధ్వని ఎక్కువ. కర్టెన్లు, పరుపులు, బట్టల బీరువా ఉన్న గది అయితే మేలు. ఏదీ లేకపోతే ఆపి ఉంచిన కారులో కూర్చున్నా గొంతు చక్కగా వస్తుంది. ఫ్రిజ్, ఫ్యాన్ శబ్దాలు మన చెవి పట్టించుకోదు, మైకు మాత్రం వదిలిపెట్టదు. మాటలన్నీ అయ్యాక ఎవరూ కదలకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో ఒక ముక్క తీసేసినప్పుడు ఆ అతుకు దగ్గర ఇది నింపితే వినేవాళ్లకు కోత తెలియదు. అతిథి దూరంగా ఉండి ఫోన్లోనే మాట్లాడాల్సి వస్తే, వాళ్ల ఫోన్లో వాళ్ల గొంతు వాళ్లే రికార్డు చేసి పంపమనండి. మామూలు ఫోన్ కాల్ సంప్రదాయంగా 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. స, ష లాంటి అక్షరాల పదును అక్కడే పోతుంది.

మాట్లాడించే తీరులో రెండు సంగతులు నాకు చాలా ఉపయోగపడ్డాయి. జవాబు అయిపోయిందనిపించాక రెండు మూడు సెకన్లు ఏమీ అనకుండా ఆగండి. మనుషులు ఆ ఖాళీని పూరిస్తారు, అసలు మాట అప్పుడొస్తుంది. రెండోది, మధ్యలో 'ఊఁ', 'అవునవును', 'అబ్బో' అనకుండా తల మాత్రం ఊపండి. మీ గొంతు వాళ్ల మాట మీద పడితే ఎడిటింగ్‌లో విడదీయలేరు. ప్రశ్నల జాబితా ముందుగా పంపకండి, ఏ విషయాలు మాట్లాడతామో చెబితే చాలు. జాబితా పంపితే జవాబులు రాసుకొచ్చి చదువుతారు.

మైకు చూడగానే చాలామంది సభలో మాట్లాడే భాషలోకి వెళ్లిపోతారు. 'గత అనేక సంవత్సరములుగా' అని మొదలుపెడతారు. అప్పుడు నేను ఆపి, 'ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి, ఇక్కడ అందరూ మనవాళ్లే' అంటాను. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో ప్రసారాలు మొదలుపెట్టిన సంఘం రేడియో దీనికి మంచి ఉదాహరణ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన ఆ స్టేషన్‌ను నడిపింది దళిత మహిళలు, వాళ్ల యాసలోనే. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకునేవాళ్లు. వాళ్లు విత్తనాల గురించి, పాటల గురించి మాట్లాడుకుంటే పక్కింటి అరుగు మీద కూర్చుని విన్నట్టు ఉంటుంది. మీ అతిథి యాసను సరిదిద్దే పని పెట్టుకోకండి, ఎడిటింగ్‌లో కూడా.

ఇక జరగబోయే కార్యక్రమాల విషయం. ఇక్కడ కావలసింది కచ్చితత్వం. తేదీ, వారం, వేళ, ఏ గేటు నుంచి లోపలికి వెళ్లాలి, టికెట్ ఉందా, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, మెట్లు ఎక్కలేనివాళ్లకు దారి ఉందా, ఇవి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెప్పండి. పేపరైతే మళ్లీ తిరగేసి చూడొచ్చు, రేడియోలో వెళ్లిపోయిన మాట వెళ్లిపోయినట్టే. 'రేపు', 'ఈ ఆదివారం' అనకండి. పునఃప్రసారంలో ఆ మాటలు తప్పు సమాచారం అవుతాయి. శ్రోతలు మధ్యలో వచ్చి చేరుతుంటారు కాబట్టి ఐదారు నిమిషాలకోసారి 'మనతో మాట్లాడుతున్నది ఫలానావారు' అని గుర్తుచేయాలి.

కానీ కార్యక్రమానికి ముందు చేసే సంభాషణ కన్నా తర్వాత చేసేదే నాకు ఇష్టం. ముందు అయితే అందరూ 'అద్భుతంగా ఉంటుంది, తప్పక రండి' అంటారు. తర్వాత అయితే చెప్పడానికి నిజంగా ఏదో ఉంటుంది. వాన వచ్చి ప్రదర్శన లోపలికి మార్చినప్పుడు ఎవరు కుర్చీలు మోశారు, ముందు వరుసలో కూర్చున్న పిల్లాడు ఏం అడిగాడు, గాయనికి మధ్యలో గొంతు పోతే కోరస్ ఎలా అందుకుంది. నిర్వాహకుల్ని మాత్రమే కాదు, చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముగ్గురిని కూడా మాట్లాడించండి. మర్నాడే చేస్తే జ్ఞాపకాలు తాజాగా ఉంటాయి.

వీధి సంగతులు మాట్లాడేటప్పుడు వాదాలు తప్పవు. పార్కులో రిహార్సల్స్ చేస్తే నిద్ర పట్టడం లేదనేవాళ్లు ఒకవైపు, మాకు ఇంకెక్కడా చోటు లేదనే పిల్లలు ఇంకోవైపు. ఇలాంటివి వదిలేయకండి. 1949లో అమెరికాలోని బర్క్‌లీలో శ్రోతల చందాలతో కేపీఎఫ్ఏ అనే స్టేషన్‌ను మొదలుపెట్టిన లూయిస్ హిల్, యుద్ధాన్ని వ్యతిరేకించిన శాంతివాది. వేర్వేరు అభిప్రాయాల వాళ్లు మాట్లాడుకుంటే ఒకరినొకరు అర్థం చేసుకుంటారనే నమ్మకంతోనే దాన్ని స్థాపించారు. ఆ నమ్మకం నాకూ ఉంది. అయితే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఒకరి మాట ఈ వారం, ఇంకొకరిది వచ్చే వారం అంటే మధ్యలో ఏడు రోజులు గొడవ పెరుగుతుంది. అక్కడ లేని మనిషి మీద ఆరోపణ వస్తే ఆపండి, పేరు తీసేయండి. ఇంటి నంబర్లు, పిల్లల స్కూలు వివరాలు పొరపాటున వచ్చినా కోసేయండి. ప్రసారానికి ముందు మీ దేశంలో నిబంధనలు కూడా చూసుకోండి. ఇండియాలో కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయడానికి వీల్లేదు. సాంస్కృతిక కార్యక్రమాలు, ఉత్సవాలు, పరీక్షలు, ఉద్యోగావకాశాలు, నీళ్లు కరెంటు లాంటి వాటి ప్రకటనలు మాత్రం వార్తల కింద లెక్కకు రావు. అంటే మీరు చేయాలనుకుంటున్నది చాలావరకు ఆ గీత లోపలే ఉంది.

పాట వినిపించాలనుకుంటే అనుమతి తీసుకోండి. ముప్పై సెకన్ల లోపు అయితే ఎవరి పాటైనా వాడుకోవచ్చని చాలామంది చెబుతారు, అలాంటి సాధారణ నియమం ఏదీ లేదు. రచన, సంగీతం మీద ఉండే హక్కులు వేరు, రికార్డింగ్ మీద ఉండేది వేరు. అతిథి సొంతంగా కట్టిన పాట అక్కడికక్కడే పాడితే మామూలుగా చిక్కు ఉండదు, వినడానికీ అదే బాగుంటుంది. వెబ్‌లో పెట్టడానికీ, ఆర్కైవ్‌లో ఉంచడానికీ ఒప్పుకుంటున్నట్టు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ప్రసారానికి మాత్రమే ఒప్పుకునేవాళ్లూ ఉంటారు.

విషయాలు అయిపోతాయన్న భయం గురించి: నాకు ఇప్పటిదాకా ఆ ఇబ్బంది రాలేదు. ప్రతి అతిథినీ చివర్లో ఒకటి అడుగుతాను, 'మీ పని ఇంకొకరు లేకపోతే జరగదు అనుకోండి, ఆ ఒకరు ఎవరు?' అని. గాయని హార్మోనియం బాగుచేసే మనిషి పేరు చెబుతుంది. ఆయన కట్టెకోత మిల్లులో పనిచేసే ఇంకొకరి పేరు చెబుతాడు. వీళ్లలో చాలామంది తమను కళాకారులు అనుకోరు, ఎవరూ మైకు ముందుకు పిలవరు. నా కార్యక్రమంలో మళ్లీ మళ్లీ వేయమని శ్రోతలు అడిగినవి ఎక్కువగా వాళ్లవే. మీ తర్వాతి ఎపిసోడ్‌కు ఇప్పటికే వచ్చిన అతిథులకే ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్న అడగండి. నెలకు సరిపడా పేర్లు దొరుకుతాయి.