పిన్ కోడ్ హద్దులను నమ్మి డెలివరీ పరిధులు గీయవచ్చా?

మందుల దుకాణానికి సరఫరా ప్రాంతాలు గీయడానికి పిన్ కోడ్ హద్దులు సరిపోతాయా, లేక పోస్టాఫీసుల స్థానాలను బట్టి మనమే గీసుకోవచ్చా అని మీరు అడిగారు. రెండో పని చేసి దెబ్బతిన్నవాణ్ణి కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం గోదావరి జిల్లాల్లో ఒక చిన్న సరుకుల వ్యాపారికి మ్యాపులు తయారుచేసినప్పుడు నా దగ్గర పోస్టాఫీసుల పట్టిక తప్ప హద్దుల ఫైలు లేదు. ప్రతి పోస్టాఫీసునూ ఒక బిందువుగా పెట్టి, ఏ చోటు ఏ బిందువుకు దగ్గరైతే అది దాని కిందికే వస్తుందన్న లెక్కతో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వొరొనాయ్ బహుభుజులు గీసి, ఒకే పిన్ ఉన్నవాటిని కలిపేశాను. బ్రాంచి పోస్టాఫీసులు సాధారణంగా తమ సబ్ పోస్టాఫీసు పిన్‌నే వాడతాయి కాబట్టి ఈ కలపడం తప్పదు. తెరమీద ముచ్చటగానే కనిపించింది. తీరా చూస్తే గౌతమి పాయకు ఇవతల ఉన్న ఒక లంక గ్రామం అవతలి ఒడ్డు పిన్‌లో పడింది. నదికి అడ్డంగా కొలిస్తే ఆ ఒడ్డు పోస్టాఫీసే దగ్గర మరి, బండి మాత్రం వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. మ్యాపు ప్రింటు తీసుకుని సబ్ పోస్టాఫీసుకు వెళితే, అక్కడి పోస్ట్‌మ్యాన్ పెన్సిలుతో కాలువ గట్టు వెంబడి గీత గీసి, “ఈ గట్టు దాకానే మా బీటండీ” అన్నారు. నేను రెండు రోజులు కూర్చుని గీసిన హద్దు ఆ గీతకు ఎక్కడా దగ్గరలో లేదు.

1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల విధానం ఉత్తరాలను వేరుచేయడానికి పుట్టింది. మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును తెలుపుతాయి. ఆ సార్టింగ్ జిల్లాకూ రెవెన్యూ జిల్లాకూ పొంతన ఉండాలన్న నియమం లేదు. పుదుచ్చేరిలో భాగమైన యానాం పిన్ 533464, అంటే చుట్టూ ఉన్న ఆంధ్ర గ్రామాల మాదిరే 533తో మొదలవుతుంది. మీరు 533 మొత్తాన్ని ఆంధ్రప్రదేశ్ ఖాతాలో వేస్తే బిల్లులే తప్పుతాయి, ఎందుకంటే జీఎస్టీ రాష్ట్ర కోడ్ పుదుచ్చేరికి 34, ఆంధ్రప్రదేశ్‌కు 37.

ఇప్పుడు మీకు నా అంత అవస్థ అక్కరలేదు. తపాలా శాఖ గుర్తించిన పిన్ హద్దులు ప్రభుత్వ ఓపెన్ డేటా వేదికలో దొరుకుతున్నాయి, వాటినే వాడండి. అయితే ఏ దుకాణం ఏ ప్రాంతానికి పంపాలన్న మొదటి వడపోతకే అవి పనికొస్తాయి. ఇంటి గుమ్మం చేరడానికి ఖాతాదారు ఫోన్ నుంచి వచ్చే అక్షాంశ రేఖాంశాలు గానీ, 2025లో వచ్చిన, సుమారు నాలుగు మీటర్ల గడిని సూచించే పది అక్షరాల డిజిపిన్ గానీ కావాలి. ఫైలు దించుకున్న తేదీని కూడా దాని పేరులో రాసుకోండి, బీట్లు, అంటే పోస్ట్‌మ్యాన్ల బట్వాడా పరిధులు, మారుతుంటాయి. నేనైతే ఇప్పటికీ నదీపాయలను ఒక పొరగా పైన పరుచుకుని, హద్దు నీటిని దాటిన ప్రతి చోటా అక్కడి పోస్టాఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటాను.