ఆ 60 డాలర్ల రిపేరు చేయించకు తమ్ముడూ

శాన్ హోజేలో పాత కారు కొన్న తమ్ముడి సందేహం ఇది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కోడ్ పీ0420, అంటే కాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. ఇంజిన్ పొగలోని విషవాయువులను శుభ్రం చేసే ఆ కన్వర్టర్ మార్చాలంటే వేలల్లో అడుగుతున్నారు. ఒక మెకానిక్ మాత్రం 60 డాలర్లకు ఆక్సిజన్ సెన్సార్ కింద స్పేసర్ అనే చిన్న లోహపు గొట్టం బిగించి లైటు ఆర్పేస్తానన్నాడట.

వద్దు. నేనూ చేయించుకున్నవాణ్ణే.

డాలరుకు 45 రూపాయలున్న రోజులు. కాఫీ కొన్నా మనసులో గుణించుకునేవాణ్ణి. నా పాత కరోలాకీ ఇదే కోడ్ వచ్చింది. మీకు గూగుల్ ఉంది, మాకు రూమ్మేటే గూగుల్. అతను చూపించిన గ్యారేజీలో లైటు ఆర్పించుకుని, ఇంటికి పంపే డబ్బులో పైసా తగ్గలేదని సంబరపడ్డాను.

కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్‌ను బట్టి ఎంత పెట్రోలు వదలాలో కంప్యూటర్ లెక్కేసుకుంటుంది. వెనకున్నది కన్వర్టర్ పనిచేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది. స్పేసర్ పెడితే ఆ వెనకది పొగదారి నుంచి కాస్త పక్కకు జరిగి అంతా బాగుందనుకుంటుంది, లైటు ఆరిపోతుంది, అంతకుమించి జరిగే బాగు ఏమీ లేదు. నా ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. ఆ ఆయిల్ పొగే కన్వర్టర్‌ను తినేస్తోంది. లైటు లేదు కదా అని ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ కూడా నేను తీసి చూడలేదు. చివరికి కన్వర్టర్ పూడుకుపోయి, ఒకరోజు ఫ్రీవే ర్యాంపు మీద యాక్సిలరేటర్ నేలకు తొక్కినా బండి వేగం అందుకోలేదు. వెనక ట్రక్కువాడి హారన్ ఇంకా చెవుల్లోనే ఉంది.

స్మాగ్ చెక్‌లో, అంటే కాలిఫోర్నియావాళ్ల పొగ పరీక్షలో, టెక్నీషియన్ బండి కింద టార్చి వేశాడు, స్పేసర్ చూశాడు, ఫెయిల్ చేశాడు. అది పాసైతే తప్ప రిజిస్ట్రేషన్ రెన్యూ కాదు. పైగా కాలిఫోర్నియాలో ఏ కన్వర్టర్ పడితే అది పెట్టడానికి లేదు, కార్బ్ (రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ బోర్డు) ఆమోదించిందే పెట్టాలి. మొత్తం 1,400 డాలర్లు వదిలాయి. 45తో గుణించుకో. ఇప్పుడంటే ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనుక్కుని ధీమాగా చెప్తున్నాను గానీ, ఆ నెల మా నాన్నకు డబ్బు పంపలేక ఫోన్ ఎత్తడమే మానేశాను.

రూల్స్ సంగతి, సెన్సార్లను ఇలా మోసం చేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. మిగతావి స్మాగ్ చెక్‌లు చూసే రాష్ట్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ సైట్లో చదువుకో. టెస్టు ముందు రోజు కోడ్ చెరిపేసి వెళ్లే తెలివీ వద్దు, మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు, ఇంకా పూర్తి కాలేదని తిప్పి పంపిస్తారు.

ఇంతకీ నీ కారు ఏ మోడలో రాయనేలేదు. 8 ఏళ్లు, 80,000 మైళ్లు, రెండిట్లో ఏదీ దాటకపోతే కన్వర్టర్‌కు ఫెడరల్ వారంటీ ఉంటుంది. ముందు డీలర్‌కు ఫోన్ చెయ్యి.