నాలుగో తొమ్మిదిలో గోబీ: రైలు దిగి గెర్‌లోకి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మంగోలియా చలికాలం గురించే. మొదటి రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి: భర్త ఒకటి, భార్య ఒకటి విడివిడిగా రాశారు.

ప్ర: జనవరిలో మా ఇద్దరికీ సెలవు దొరుకుతోంది. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి రైల్లో గోబీ ఎడారి వైపు వెళ్లి, మూడు నాలుగు రాత్రులు పశువుల కాపరుల గుడారంలో ('గెర్'లో) ఉండాలని ఉంది. ఏ తేదీలు మంచివి? రైలు సంగతేమిటి? (విజయవాడ పాఠకుడు)

జ: చలికి అక్కడి కాపరులకు సొంత లెక్క ఉంది. డిసెంబరు 22 నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది భాగాలు, మొత్తం 81 రోజులు. 'యెసోన్ యెస్' అంటారు. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగిలినట్టే వాళ్లకు మొదటి తొమ్మిదిలో పాలసారా గడ్డకడుతుంది, మూడో తొమ్మిదిలో మూడేళ్ల ఎద్దు కొమ్ము గడ్డకడుతుంది, నాలుగోదాంట్లో నాలుగేళ్ల ఎద్దు కొమ్ము. ఐదోది వచ్చేసరికి వండిన అన్నం గడ్డకట్టడం మానేస్తుంది. అంటే చలి పీక మీద కూర్చునే రోజులు జనవరి 9 నుంచి 26 దాకా. మొదటిసారి వెళ్లేవాళ్లు ఫిబ్రవరి 5 తర్వాత పెట్టుకుంటే నయం. అయితే వాళ్ల కొత్త సంవత్సరం 'త్సగాన్ సార్' ఎక్కువగా ఫిబ్రవరిలోనే వస్తుంది. ఆ రోజుల్లో ఇంటినిండా చుట్టాలుంటారు కాబట్టి ముందే అడిగి తేదీ ఖాయం చేసుకోండి.

రైలు: చైనా సరిహద్దులోని జమీన్-ఊద్ వైపు వెళ్లే దేశీయ రైలెక్కి సైన్‌షాంద్‌లో దిగండి. సుమారు 460 కి.మీ., పది గంటల ప్రయాణం. తలుపున్న నాలుగు బెర్తుల గది తీసుకోండి. ఇద్దరే ఉండాలంటే గది మొత్తం దొరుకుతుందా అని టికెట్ కొనేటప్పుడే అడగండి. టికెట్‌కు పాస్‌పోర్టు కావాలి. పెట్టె చివర వేడినీళ్ల బాయిలరు ఉంటుంది, ఉప్మా మిక్సుకూ టీకీ అది చాలు. పాతరకం పెట్టెల్లో స్టేషను దగ్గరపడగానే మరుగుదొడ్డికి తాళం వేసేస్తారు. ఆ పని ఇరవై నిమిషాల ముందే ముగించుకోండి.

అసలు చిక్కు పెట్టెలోని వేడితోనే. బయట మైనస్ 25 ఉంటే లోపల ప్లస్ 25 ఉంటుంది. వేసుకున్న బట్టలన్నిటితో అందులో పడుకుంటే బనియను తడిసిపోతుంది, ఆ తడితోనే ప్లాట్‌ఫాం మీద దిగుతారు. ఎక్కగానే పలచటి కాటన్ బట్టల్లోకి మారండి. దిగడానికి అరగంట ముందు ఒళ్లు తుడుచుకుని పొడి థర్మల్ వేసుకోండి. కోటు మాత్రం తలుపు దగ్గరికి వచ్చాకే.

ప్ర: ఆయన రైలు గురించే రాసి ఉంటారు. చలికి నేను తట్టుకోలేను. బట్టలు ఏవి, ఎన్ని? (అదే ఇంటి నుంచి పాఠకురాలు)

జ: అమ్మా, మీకు రెండు స్వెట్టర్లు చాలవు, పది స్వెట్టర్లూ అక్కర్లేదు. ఒంటికి అంటుకుని ఉన్ని థర్మల్, దానిమీద ఫ్లీసు, దానిమీద ఈకల జాకెట్, పైన గాలి దూరని కోటు. రైలు పెట్టెలో తప్ప కాటన్ ఏ పొరలోనూ వద్దు. అది చెమట పీల్చి పట్టుకుంటుంది, ఆరదు. థర్మళ్లు మనిషికి రెండు జతలు, ఒకటి తొడుక్కుంటే ఒకటి పొయ్యి పక్కన ఆరుతుంది. చీర, చుడీదారు ఉలాన్‌బాతర్ హోటల్లో వదిలేయండి.

ఎక్కువమంది పాదాల దగ్గరే తప్పు చేస్తారు. వెచ్చగా ఉండాలని బిగుతు బూటులో మూడు జతల సాక్సులు కుక్కుతారు. రక్తం ఆడదు, వేళ్లు మొద్దుబారతాయి. బూటు ఒక సైజు పెద్దది, లోపల ఒక పలచటి సాక్సు, ఒక మందపాటిది, అంతే. బూటులో వేళ్లు ఆడాలి. ఒంటె ఉన్ని సాక్సులు ఉలాన్‌బాతర్‌లోని నారాంతూల్ బజారులో కొనుక్కోవచ్చు, ఇక్కడి నుంచి మోయక్కర్లేదు. చేతులకు లోపల పలచటి గ్లవుజులు, పైన వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు. ముక్కుపుడక, లోహపు ఫ్రేము కళ్లజోడు చలిని చర్మంలోకి దింపుతాయి. పుడక తీసేయండి, జోడు ప్లాస్టిక్‌ది పెట్టుకోండి.

చెంప మీద గాని ముక్కు చివర గాని పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే రుద్దకూడదు, మంచుతో అసలు రుద్దకూడదు. వెచ్చటి అరచెయ్యి ఆనించి లోపలికి వెళ్లిపోండి. అది మీకు కనబడదు, ఆయనకు కనబడుతుంది. బయట ఉన్నంతసేపూ పావుగంటకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోండి.

ప్ర: మేం శాకాహారులం. తిండి దొరుకుతుందా? (తెనాలి)

జ: మీరు తీసుకెళ్తేనే. చలికాలం మొదట్లోనే పశువుల్ని కోసి ఏడాది మాంసం గడ్డకట్టించి దాచుకునే ఇళ్లవి. కూరగాయలంటే ఉర్లగడ్డ, క్యారెట్, క్యాబేజీ. అవీ దారిలో గడ్డకడితే మెత్తబడి తియ్యగా అయిపోతాయి. ఇద్దరికి నాలుగు రోజులకు వేయించిన బొంబాయి రవ్వ ముప్పావు కిలో, అటుకులు అరకిలో, పెసరపప్పు అరకిలో, కందిపొడి పావుకిలో పట్టుకెళ్లండి. బియ్యం కిలోన్నర ఉలాన్‌బాతర్‌లో కొనండి. కందిపప్పు వద్దు, కుక్కరు లేకుండా ఉడికేసరికి వాళ్ల ఇంధనమంతా అయిపోతుంది. రెండు లీటర్ల సొంత స్టీలు గిన్నె తప్పనిసరి, వాళ్ల పెద్ద మూకుడుకు గొర్రెకొవ్వు పట్టి ఉంటుంది. ఆవకాయలో నూనె పేరుకుంటే పొయ్యికి రెండడుగుల దూరంలో పెట్టండి, కరుగుతుంది.

రాగానే ఉప్పు వేసిన పాల టీ ఇస్తారు. వద్దనకూడదు. తాగలేకపోతే కుడిచేత్తో అందుకుని పెదవికి తాకించి కింద పెట్టండి, అది మర్యాదే.

ప్ర: గెర్‌లో రాత్రంతా పొయ్యి వెలుగుతుందా? (హనుమకొండ)

జ: వెలగదు. పొయ్యిలో వేసేది 'అర్గల్', మన పిడకలే. అయితే గోడకు కొట్టినవి కావు, మేత బీళ్లలో పడి అక్కడే ఎండిన పేడను బుట్టలోకి ఏరుకొచ్చినవి. గోబీలో జాగ్ అనే చెట్టు కట్టె కూడా వాడతారు. పిడక భగ్గున మండి తొందరగా అయిపోతుంది. పది గంటలకు ఒళ్లు కాలేంత వేడి ఉంటే మూడింటికి చెంబులో నీళ్లు గడ్డకడతాయి. స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు అంకెలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. దుకాణంవాడు చూపించేది మూడోది, అది ప్రాణం మిగిలే అంకె, నిద్రపట్టేది కాదు. కంఫర్ట్ మైనస్ 15 ఉన్నది కొనండి. మంచాలు గోడవారగా, ఒక్కొక్కరికి సరిపడా సన్నగా ఉంటాయి. కాబట్టి భార్యాభర్తలకు కూడా రెండు విడి బ్యాగులే నయం. మూత గట్టిగా బిగుసుకునే సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సు తొడిగి పాదాల దగ్గర పెట్టుకోండి. తలకిందులు చేసి కారడం లేదని చూశాకే సుమా.

ఒక ప్రమాదం ఉంది. పైకప్పు మధ్య వలయాన్ని 'తూనో' అంటారు, రాత్రి దానిమీదికి మందపాటి ఉన్ని కప్పు (నమదా) లాగుతారు. పూర్తిగా మూసేసి, పొయ్యి గాలి కూడా తగ్గిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం, ఒకేసారి ఇద్దరికీ వచ్చాయంటే అందరినీ లేపి బయటికి రండి. దాన్ని పసిగట్టే, బ్యాటరీతో నడిచే చిన్న అలారం వెంట ఉంచుకోండి.

ప్ర: ఇంట్లో పాటించాల్సినవి? (హైదరాబాద్)

జ: బండి దిగగానే గెర్ వైపు నడవకండి. 'నొహోయ్ హోర్!' అని కేకెయ్యాలి, కుక్కను పట్టుకోండి అని అర్థం. రాత్రి బయటికి వెళ్లాల్సి వచ్చినా ఇంటివాళ్లకు చెప్పే వెళ్లండి. ఆస్పత్రి దూరం కాబట్టి రేబిస్ టీకా బయల్దేరే ముందే వేయించుకుంటే మంచిది. గడప తొక్కకూడదు, ఈ సంగతి మనకు చెప్పక్కర్లేదు. తలుపు దక్షిణానికి ఉంటుంది. లోపలికి రాగానే ఎడమకు తిరగండి, అది అతిథుల వైపు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి దాటకండి. పొయ్యిలో చెత్త, టిష్యూ పడేయకండి. ముక్కుపొడి సీసా చేతికిస్తే కుడి అరచేత అందుకుని వాసన చూసి తిరిగివ్వండి. పొడి పీల్చనక్కర్లేదు.

ఒంటెల దగ్గర ఇంకో జాగ్రత్త. చలికాలం మగ ఒంటెకు మదమెక్కే కాలం. ఇంటాయన పక్కన లేకుండా దగ్గరికి వెళ్లొద్దు.

ప్ర: ఫోను, కెమెరా? (విశాఖపట్నం)

జ: ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని. చలికి 60 శాతం ఛార్జి ఉన్న ఫోనే ఆరిపోతుంది, వెచ్చబడితే మళ్లీ లేస్తుంది. కెమెరాను బయట ఉండగానే జిప్ సంచిలో మూసి గెర్‌లోకి తెచ్చి, గంటసేపు తెరవకండి. లేకపోతే అద్దం లోపల చెమ్మ పడుతుంది.

ప్ర: అంత చలిలో వెళ్లి వాళ్లకు బరువవుతామా? (అనంతపురం)

జ: ఆ ఏడాదిని బట్టి. మంచు ఎక్కువ కురిసి గాని, కురిసినది కరిగి మళ్లీ అట్టకట్టి గాని గడ్డి అందకపోతే దాన్ని 'జుద్' అంటారు. మంచు అసలు పడకపోయినా జుద్దే, పశువులకు నాకడానికి నీళ్లుండవు. 2023–24 చలికాలంలో ఇలా 70 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. అలాంటి ఏడాది ఇంట్లో అందరూ పొద్దస్తమానం మందతోనే ఉంటారు. మీకు టీ కాచడం కూడా అదనపు పనే. బయల్దేరడానికి రెండు వారాల ముందు మీ ఏర్పాట్లు చూసే ఉలాన్‌బాతర్ సంస్థను ఆ జిల్లాలో జుద్ ఉందా అని సూటిగా అడగండి. ఉందంటే వాయిదా వేసుకోండి.

జుద్ లేదని చెబితే వెళ్లండి. ఒకే ఇంట్లో మూడు రాత్రులు ఉండండి, రోజుకో ఇల్లు మారొద్దు. డబ్బు ఎంతో ముందే మాట్లాడుకోండి. డబ్బుకు తోడు కానుకగా ఇచ్చేవి పిండి, బియ్యం, టీ, టార్చి బ్యాటరీలు, పిల్లలకు నోటు పుస్తకాలు. చాక్లెట్లకంటే అవి పనికొస్తాయి. సైన్‌షాంద్‌లో జీపు ఎక్కేటప్పుడు వెనక ఆ ఇంటి పశువులకు ఒక బస్తా గోధుమ తవుడు పట్టేంత చోటు ఉంచండి.