కోతి కేసులో గెలిచిందెవరు?

ప్రశ్న: మా వాడి బయాలజీ పాఠం దగ్గర మొదలైంది గొడవ. డార్విన్ పాఠం చెప్పినందుకు అమెరికాలో ఒక టీచర్ని జైల్లో వేశారని మా బావగారంటారు, కాదు ఆ కేసు టీచరే గెలిచాడు అని నేనంటాను. రెండ్రోజులుగా ఇదే వాదన, మీరే తేల్చండి. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇద్దరూ ఓడిపోయారండీ, కాఫీలు చెరిసగం పెట్టుకోండి. కోతి కేసు అని పేరుపడ్డ ఆ వ్యవహారంలో టీచరు జైలుకీ వెళ్ళలేదు, కేసూ గెలవలేదు.

1925 మార్చిలో టెనెసీ రాష్ట్రం బట్లర్ చట్టం అని ఒకటి తెచ్చింది. మనిషి కిందిస్థాయి జంతువుల నుంచి వచ్చాడని, బైబిల్లో చెప్పిన సృష్టి నిజం కాదని సర్కారు బళ్ళలో చెప్తే జరిమానా. ఆ చట్టం మీద కోర్టుకెళ్ళడానికి ఎవరైనా టీచరు ముందుకొస్తే ఖర్చు మేం పెట్టుకుంటామని పౌరహక్కుల సంఘం ఒకటి పేపర్లో ప్రకటన ఇచ్చింది. అది డేటన్ అనే చిన్న ఊళ్ళో కొందరు పెద్దల కంట్లో పడింది. ఈ కేసేదో మన ఊళ్ళోనే పెట్టిస్తే నలుగురూ వస్తారు, ఊరి పేరు మోగిపోతుంది, నాలుగు డబ్బులొస్తాయి అని రాబిన్సన్ గారి మందుల షాపులో కూర్చుని ప్లాన్ వేసుకున్నారు. టెన్నిస్ ఆడుకుంటున్న 24 ఏళ్ళ జాన్ స్కోప్స్‌ని పిలిపించి నువ్వు నిలబడతావా అనడిగితే సరే అన్నాడు. అతను ఫుట్‌బాల్ కోచ్, సైన్సు కూడా చెప్పేవాడు, బయాలజీకి మాత్రం అసలు సారు లేనప్పుడు వెళ్ళేవాడంతే. ఆ పాఠం నిజంగా చెప్పానో లేదో అతనికే సరిగ్గా గుర్తులేదు! ఇంకో తమాషా, ఆ పాఠం ఉన్న పుస్తకం రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిందే, అమ్మేది ఈ రాబిన్సన్ గారి షాపులోనే, ఆయనే అక్కడి స్కూల్ బోర్డు ఛైర్మన్. మన దగ్గర సినిమాగా తీస్తే అతి అంటారు. (ఆ పుస్తకమూ మరీ పూజించాల్సిందేం కాదు లెండి, అందులోనే తెల్లజాతి అన్నిటికన్నా గొప్పదని కూడా రాశారు.)

జులైలో విచారణ. మండే ఎండ, కిక్కిరిసిన కోర్టు, రేడియోలో లైవ్, ఊళ్ళో సూటు వేసిన చింపాంజీ. ప్రాసిక్యూషన్ వైపు మూడుసార్లు ప్రెసిడెంట్ పదవికి పోటీచేసి ఓడిన బ్రయాన్, డిఫెన్స్ వైపు పేరుమోసిన లాయర్ క్లారెన్స్ డారో. సైంటిస్టులతో సాక్ష్యం చెప్పిద్దామనుకుంటే జ్యూరీ (నేరం తేల్చడానికి కూర్చోబెట్టే మామూలు పౌరులు) ముందు వద్దన్నారు జడ్జిగారు. దాంతో జులై 20న డారో ఎదుటి లాయర్ బ్రయాన్‌నే బైబిల్ తెలిసిన మనిషిగా బోనెక్కించాడు. జనం బరువుకి పైఅంతస్తు ఆగుతుందో లేదో అని ఆ రోజు కోర్టుని బయట చెట్ల కిందికి మార్చారు కూడా. బైబిల్ కథల్లో చేప కడుపులోకి వెళ్ళిన యోనా దగ్గర్నుంచి, యెహోషువ సూర్యుణ్ణి ఆపడం, కయీనుకి పెళ్ళాం ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నీ అడిగాడు. చివరికి సృష్టి జరిగిన ఆరు రోజులూ 24 గంటల రోజులే కానక్కర్లేదు అని బ్రయాన్ నోటితోనే వచ్చేసింది. లోకమంతా ఆ కేసు పేరెత్తితే చెప్పుకునేది ఈ రెండు గంటలే, కానీ మర్నాడే జడ్జి దాన్ని రికార్డు నుంచి కొట్టేశారు!

ఇంక తీర్పు. మా క్లయింటుకి శిక్ష వేయండి, పైకోర్టుకెళ్తాం అని డారోయే అడిగాడు. జ్యూరీకి పట్టింది తొమ్మిది నిమిషాలు, జరిమానా 100 డాలర్లు. డారో చివరి వాదన వద్దనుకోవడంతో బ్రయాన్‌కీ ఆ ఛాన్స్ పోయింది, అంత కష్టపడి రాసుకున్న ప్రసంగం చేతిలోనే ఉండిపోయింది. ఐదు రోజులకే పాపం అదే ఊళ్ళో నిద్రలో పోయారాయన. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది, కారణం డార్విన్ కాదండోయ్, 50 డాలర్లు దాటిన జరిమానా జ్యూరీ వేయాలి, ఇక్కడ జడ్జి వేశారు, అదీ పాయింటు. చట్టం మాత్రం అలాగే ఉంది, 1967లో గానీ రద్దవలేదు.

నన్నడిగితే అసలు గెలుపు ఎవరికీ గుర్తులేని కేసుది. ఆర్కాన్సాలో ఇలాంటి చట్టం మీదే సూసన్ ఎపర్సన్ అనే టీచరమ్మ కోర్టుకెళ్తే, 1968లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి నిషేధం రాజ్యాంగానికి విరుద్ధం అంది. చింపాంజీ లేదు, చెట్టు కింద కోర్టు లేదు, అందుకే కాబోలు దాన్ని ఎవరూ తలచుకోరు.

ప్రశ్న: మరి మన దేశంలో డార్విన్ ఎప్పుడైనా కోర్టు మెట్లెక్కాడా? – ఇంకో పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎక్కాడమ్మా, కానీ ఎక్కించినంత సేపు పట్టలేదు దింపడానికి. 2023లో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సులోంచి పరిణామం పాఠం తీసేస్తే 1,800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు వద్దని లేఖ రాశారు, అది కోర్టుదాకా వెళ్ళిన గొడవ కాదు. అదే ఏడాది అక్టోబర్లో ఒకాయన మాత్రం డార్విన్ సిద్ధాంతం తప్పు, ఐన్‌స్టీన్ సూత్రమూ తప్పు అని ఏకంగా సుప్రీంకోర్టుకే వెళ్ళాడు. తప్పనుకుంటే మళ్ళీ చదువుకోండి, లేదంటే మీ సొంత సిద్ధాంతం మీరు పెట్టుకోండి అన్నట్టుగా చెప్పి పిటిషన్ కొట్టేశారు జడ్జిలు.