ఇంగువలో గోధుమపిండి ఏంటక్కా?

పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి: అక్కా, మా అబ్బాయి ఇంగువ డబ్బా వెనక చదివి "అమ్మా, ఇందులో గోధుమపిండి ఉంది" అన్నాడు. ఇన్నేళ్లూ పులిహోర తాలింపులో వేసింది పిండేనా? ఇది కల్తీ కాదా?

కల్తీ కాదమ్మా, చట్టం ఒప్పుకున్నదే. అసలు ఇంగువ ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు పెరిగే మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకట్టినది. దాని ఘాటుకి నేరుగా వేస్తే కూర నోట్లో పెట్టలేం, ఖరీదూ ఎక్కువే, అందుకే తినే జిగురు, గోధుమపిండి, బియ్యప్పిండి కలిపి అమ్ముతారు. డబ్బా మీద 'కాంపౌండెడ్', అంటే కలిపి చేసినది అని ఉంటుంది. నా కోపమల్లా ఆ మాటని కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో వేసే వాళ్ల మీదే. వెనక జాబితాలో ఎక్కువ బరువున్న దినుసు ముందు రాయాలని రూలు, కాబట్టి మొదటి పేరు పిండిదైతే ఆ డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువ బరువున్నది పిండేనన్నట్టు. అన్నట్టు, ఏకాదశికి ధాన్యం ముట్టనివాళ్లు, గోధుమ పడనివాళ్లు ఈ సంగతి చూసుకోవాలి. ఈ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి, తెలుగు మాత్రమే వచ్చిన మన పెద్దవాళ్లకి బడికెళ్లే పిల్లలే దిక్కు. మీ అబ్బాయి చేత మిగతా డబ్బాలు కూడా చదివించండి.

జయపురం నుంచి: కోరాపుట్ కొండల్లో కాఫీ పండుతుందని చుట్టాలందరికీ గొప్పగా చెప్తాం. తీరా బజార్లో కొన్న ఫిల్టర్ పొడి వేస్తే డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది కానీ వాసన లేదు. ఏం కలుపుతున్నారు?

చికోరీ అయ్యుంటుంది. అదొక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. రంగు, చిక్కదనం, చేదు అన్నీ ఇస్తుంది, కెఫీన్ మాత్రం ఉండదు. కాఫీ 51 శాతానికి తగ్గకుండా ఉంటే మిగతాది చికోరీ కలపొచ్చు, కానీ ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద వేసి తీరాలి. ముందువైపు కొండలూ తోటలూ బొమ్మ వేసి, పక్కనెక్కడో 51:49 అని అచ్చేసినా ఆ పాళ్లు చట్టప్రకారం సరైనవే, మనం చూడకపోతే వాళ్ల తప్పేముంది! నా మటుకు నాకు కొంచెం చికోరీ ఉంటేనే ఇష్టం, అది వేరే విషయం. విడిగా కొన్న పొడి మీద అనుమానముంటే గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు చల్లండి. కాఫీ తేలుతుంది, చికోరీ క్షణాల్లో కిందికి దిగుతుంది. ఇన్‌స్టంట్ కాఫీకి ఈ పరీక్ష పనికిరాదు.

రాయగడ నుంచి, బజ్జీల బండి నడిపే పాఠకుడు: విడి శనగపిండి బాగా చౌకగా ఇస్తున్నారక్కా, బజ్జీ మంచి పసుపు రంగులో వస్తోంది. కొనొచ్చా?

వద్దు తమ్ముడూ. శనగపప్పు ధరకన్నా పిండి ధర తక్కువంటే, మర ఆడించిన కూలి కూడా రాకుండా ఎవడు అమ్ముతాడు? శనగపిండిలో శనగపప్పు తప్ప ఇంకేమీ ఉండకూడదు, రంగు అసలే వేయకూడదు. బఠాణీ పిండో మైదానో కలిపితే పోయేది మన డబ్బే అనుకోవచ్చు, కల్తీకి వాడే ఇంకో పప్పు, కేసరి పప్పు, అలా కాదు. అందులో నరాలని దెబ్బతీసే విషం ఉంది, నెలల తరబడి అదే ముఖ్యమైన తిండిగా తిన్నవాళ్లకి కాళ్లు పడిపోయాయి. ఇక నీకు నచ్చిన ఆ పసుపు మెటానిల్ ఎల్లో కూడా కావచ్చు, అది తిండిలో వాడటానికి అనుమతి లేని రంగు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పడితే గులాబీ రంగుకి తిరుగుతుంది గానీ బాత్రూం యాసిడ్ తెచ్చి ఇంట్లో ప్రయోగాలు చేయకు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు, ఆ సంగతి కొనేటప్పుడే షాపువాడికి చెప్పాలి, తప్పు తేలితే ఫీజు తిరిగిస్తారు. నువ్వైతే పప్పు కొని మరలో ఆడించుకో. అది కుదరక పిండే కొన్నావా, బిల్లు తీసుకో, ఆ బిల్లే చట్టం దృష్టిలో అమ్మినవాడి హామీ. అది లేకుండా నీ బండి దగ్గర శాంపిల్ తీశారంటే జవాబు చెప్పాల్సింది నువ్వే.