సందేహాలు – సమాధానాలు: ‘మెసేజ్ క్యూ’ను ‘సందేశ పంక్తి’ అనవచ్చునా?

సందేహం: మా కార్యాలయంలో తయారయ్యే సాఫ్ట్‌వేర్‌కు తెలుగులో వివరణ పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. మెసేజ్ క్యూకు ‘సందేశ పంక్తి’ అని, రిక్వెస్టుకు ‘అభ్యర్ధన’ అని, ప్రాసెసింగ్‌కు ‘ప్రక్రియాకరణ’ అని పేర్లు పెట్టుకొని, “వినియోగదారుల అభ్యర్ధనలు సందేశ పంక్తిలో ఉంచబడి, సర్వరు చేత ఒకేసారి ప్రక్రియాకరించబడతాయి” అని రాశాను. తోటి ఉద్యోగులు దీనికంటే ఇంగ్లీషే నయమంటున్నారు. తప్పు ఎక్కడ ఉంది? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

సమాధానం: మీ తోటివారి మాటను తెలుగు మీద చిన్నచూపుగా తీసుకోకండి. వారు ఆ పని రోజూ చేసేవారు కాబట్టి, వాక్యం చదవగానే తమకు తెలిసిన పని అందులో కనిపించలేదని చెబుతున్నారు, అంతే. మీ వాక్యంలో కొన్ని మాటలు అర్థానికి అడ్డుపడుతున్నాయి, ఒక మాట ఏకంగా వ్యతిరేకార్థమే ఇస్తోంది. ఆ ప్రమాదకరమైన మాట ‘ఒకేసారి’. దాని దగ్గరికి తరువాత వస్తాను. మీరు ప్రధానంగా అడిగిన పంక్తితో మొదలుపెడదాం.

‘పంక్తి’ అంటే వరుస అని నిఘంటువులు చెప్పేది నిజమే. కాని నేటి తెలుగులో, అందులోనూ కాగితం మీదా తెర మీదా రాతకు సంబంధించిన చోట, పంక్తి అంటే అక్షరాల వరుసే. ‘మూడో పంక్తిలో తప్పు ఉంది’ అంటే ఎవరైనా మూడో లైను చూస్తారు. అందువల్ల ‘సందేశ పంక్తి’ అనగానే చదువరికి సందేశంలోని ఒక లైను తోస్తుందే కాని, తమ వంతు కోసం కాచుకొని ఉన్న సందేశాల సమూహం తోచదు. ఇదే మాటకు తద్భవమైన ‘బంతి’ మాత్రం మీకు కావలసిన అర్థానికి చాలా దగ్గరగా వస్తుంది. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేచేదాకా రెండో బంతివారు ఆగుతారు. ముందు కూర్చున్నవారికి ముందు వడ్డిస్తారు. మధ్యలో ఒకరిని దాటేసి ఇంకొకరికి వడ్డిస్తే అది ‘బంతిలో వలపక్షం’. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే’ అన్న సామెత మీ ఉద్యోగులకు వినిపించి చూడండి. వెనుక వచ్చినదాన్ని దాని ప్రాముఖ్యాన్ని బట్టి ముందుకు తీసుకొనే ప్రయారిటీ క్యూను ఇంత పొట్టిగా వివరించే వాక్యం మరొకటి దొరకడం కష్టం. అయినా ‘సందేశాల బంతి’ అని రాయమని నేను చెప్పను. నేటి పాఠకునికి బంతి అంటే మొదట ఆడుకొనే బంతి, ఆ తరువాత పువ్వు గుర్తుకొస్తాయి.

మరి ‘వరుస’ ఎందుకు కాకూడదని అడగవచ్చు. అది మంచి మాటే, కాని పాఠశాల గణితంలో అడ్డు వరుస, నిలువు వరుస అని ఇప్పటికే దానికి వేరే ఉద్యోగం ఇచ్చారు. డేటాబేసు పట్టికలూ సందేశాల క్యూలూ ఒకే పుటలో వచ్చే మీ పుస్తకంలో ఈ ఇబ్బంది అడుగడుగునా ఎదురవుతుంది. ‘బారు’ ఇంకా దగ్గరి మాట. చీమలబారు అంటాం, ఓటర్లు బారులు తీరారని పత్రికలు రాస్తాయి. కాని బారులో కనిపించేది పొడవు మాత్రమే. ముందున్నవాడి పని ముందు కావాలన్న నియమం ఆ మాటలో లేదు.

ఇక ‘క్యూ’ అన్న మాటనే చూడండి. అది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, మూలార్థం తోక. (క్యూ చివరి కొసను కంప్యూటరువారు మళ్లీ తోక అనే అర్థం వచ్చే మాటతోనే వ్యవహరిస్తారు. ధాతువును పట్టుకొని అనువదిస్తే ‘తోక తోక’ అవుతుంది. పదాల పుట్టుకను చూసి పారిభాషిక పదాలు చేయబోయేవారికి ఇదొక హెచ్చరిక.) తెలుగులో ఈ మాట పరాయిగా నిలబడి లేదు. క్యూ కట్టారు, క్యూలో చేరాడు, క్యూలోంచి తప్పుకున్నాడు అని మన విభక్తులూ మన క్రియలూ దానికి హాయిగా అతుక్కున్నాయి. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు పేరు పలకడానికి ఏ పల్లెటూరి భక్తుడూ తడబడడు. ‘క్యూలైను’ అని రెండు మాటలు కలిపి అనేవారు ‘నడిమధ్య’ అన్నట్టు ఒకే అర్థాన్ని రెండుసార్లు చెబుతున్నారు, కాని అది కూడా మాట ఎంతగా ఇంటిదైపోయిందో చూపేదే. కనుక క్యూను క్యూగానే ఉంచండి. అయితే ‘సందేశ క్యూ’ అని ముడివేయకండి. చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించారన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సంస్కృత పదాన్ని విభక్తి లేకుండా అన్యదేశ్యానికి అంటగడితే చెవికి మెత్తగా ఉండదు. ‘సందేశాల క్యూ’ అని షష్ఠితో విడదీసి రాస్తే వ్యాకరణానికీ వినికిడికీ ఏ పేచీ ఉండదు. సందేశానికి బదులు ‘కబురు’ పెడదామనిపిస్తే ఒక్క మాట: ఏకవచనంలో కబురు సందేశమే, బహువచనంలో కబుర్లు ఊసుపోక చెప్పుకొనేవి. ‘కబుర్ల క్యూ’ అంటే సర్వరు అరుగు మీద కూర్చున్నట్టుంటుంది.

పేరు కంటే ముఖ్యమైనది ఆ వస్తువు చేసే పని. క్యూ అంటే మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబడటం కాదు, వంతు చెడకుండా ఉండటం. క్యూల గణితానికి ఆద్యుడుగా చెప్పుకొనే డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో ప్రచురించిన వ్యాసం టెలిఫోను పిలుపుల గురించి. అక్కడ నిలబడినవారెవరూ లేరు, ఖాళీ లైను కోసం వచ్చిపడే పిలుపులే ఉన్నాయి. (సందేశాల క్యూలను నడిపే ర్యాబిట్‌ఎంక్యూను రాసిన ప్రోగ్రామింగ్ భాషకు ఆయన పేరే పెట్టారు.) మనకు ఈ భావం కొత్త కాదు. కాలువ చివరి పొలాలకు వారబందీ పద్ధతిలో నీరు వదిలినప్పుడు ‘రేపు మా వంతు’ అంటారు. తిరుపతిలో సమయం వేసిన దర్శనం టోకెను చేతికి వస్తే భక్తుడు తన సమయం వచ్చేదాకా నిలబడనక్కరలేదు, అతని వంతును టోకెనే కాపాడుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. పని పంపించే ప్రోగ్రాము తన సందేశాన్ని క్యూలో వేసి వేరే పనిలో పడుతుంది. పని చేసే ప్రోగ్రాము తన తీరికను బట్టి, ముందు వచ్చినదాన్ని ముందు తీసుకుంటుంది. రద్దీ పెరిగినప్పుడు సందేశాలు పోకుండా పేరుకుంటాయి, రద్దీ తగ్గాక కరుగుతాయి. కనుక పుస్తకంలో క్యూ మొదటిసారి వచ్చిన చోట దాన్ని ‘వంతు’ అన్న మాటతో వివరించండి. దానికి విరుద్ధంగా, చివర వచ్చినదాన్ని ముందు తీసే స్టాకును వివరించవలసివస్తే ‘దొంతర’ సిద్ధంగా ఉంది. కుండల దొంతరలో పైది దించకుండా కిందిది తీయలేమని ఎవరికీ చెప్పనక్కరలేదు.

మీ ఉద్యోగుల మాటలు ఒక గంట శ్రద్ధగా వినండి. ‘మెసేజి క్యూలో పడింది’, ‘క్యూ నిండిపోయింది’, ‘సర్వరు తీసుకోవడం లేదు’, ‘రిక్వెస్టు మధ్యలో ఇరుక్కుపోయింది’ అంటారు. నామవాచకాలు అరువువే కాని క్రియలన్నీ అచ్చమైన తెలుగు. మీ వాక్యం దీనికి సరిగ్గా తలకిందులు: నామాలను కష్టపడి సంస్కృతీకరించి, క్రియలను ఇంగ్లీషు పోకడకు వదిలేశారు. ‘ఉంచబడి’, ‘ప్రక్రియాకరించబడతాయి’, ‘సర్వరు చేత’ అన్నవి మూడూ ఇంగ్లీషు వాక్యపు ఎముకలే. కనబడు, నిలబడు వంటి మాటల్లో ‘బడు’ మనదే. కాని చేసేవాణ్ణి వెనక్కు నెట్టి ప్రతి క్రియకూ ‘బడు’ తగిలించే అలవాటు మాత్రం అనువాదాల వల్ల పెరిగింది. ‘ప్రక్రియాకరణ’ మరీ గడ్డుమాట. ప్రక్రియ అంటే ఒక పని జరిగే పద్ధతి, లేదా కథ, నవల వంటి సాహిత్య రూపం. ప్రాసెస్ చేయడమంటే సందర్భాన్ని బట్టి పరిశీలించడం, పని పూర్తిచేయడం, జవాబు పంపడం. అందులో ఏది జరుగుతోందో ఆ మాటే వాడండి.

ఈ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. వెబ్‌లో సర్వరు పంపే జవాబుల సంఖ్యల్లో 202 అన్నది ‘మీ విన్నపం తీసుకున్నాం, పని ఇంకా పూర్తికాలేదు’ అని చెబుతుంది. 429 అన్నది ‘తక్కువ వ్యవధిలో మరీ ఎక్కువసార్లు అడిగారు, ఆగండి’ అంటుంది. మొదటిదానికి ‘మీ అభ్యర్థన ఆమోదించబడింది’ అని తెలుగు చేసిన తెరలు నేను చూశాను. ఆమోదించడం వేరు, అందుకోవడం వేరు. కార్యాలయంలో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు; ఆ రసీదు చూపించి పట్టా వచ్చిందని ఎవరూ సంబరపడరు. కనుక ‘అందింది’, ‘పని జరుగుతోంది’, ‘పూర్తయింది’ అన్న మూడు మాటలను పుస్తకమంతటా ఒకదానికి బదులు ఒకటి రాకుండా పాటించండి.

ఇప్పుడు ‘ఒకేసారి’. మీ ఉద్దేశం ప్రతి విన్నపాన్నీ ఒక్క పర్యాయం మాత్రమే చేస్తారని అయి ఉంటుంది. కాని ‘అన్నదమ్ములిద్దరూ ఒకేసారి వచ్చారు’ అంటే కలిసి వచ్చారని. మీ వాక్యం చదివినవారికి క్యూలోని విన్నపాలన్నిటినీ సర్వరు మూకుమ్మడిగా చేసేస్తుందని అర్థమవుతుంది. అలా చేసేటట్టయితే క్యూ ఎందుకు? ఏకారం ఎక్కడ చేరిందన్నదే ఇక్కడ కీలకం. ‘ఒకే’లో అది ఒకటికి చేరి అభేదాన్ని చెబుతుంది, ‘ఒక్కసారే’లో అది సారికి చేరి మరొకసారి లేదని చెబుతుంది. ‘జీవితంలో ఒకేసారి’ అని రెండో అర్థంలో వాడేవారూ ఉన్నారు కాని, సాంకేతిక రచనలో ఆ సందిగ్ధానికి చోటివ్వకూడదు. ‘ఒక్కసారిగా’ అంటే హఠాత్తుగా అన్న మూడో అర్థం వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఈ తేడా మాటలతో ఆగదు, డబ్బుదాకా పోతుంది. సందేశాల క్యూలను అద్దెకిచ్చే అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్ సేవను ఉదాహరణకు తీసుకోండి. ఒక ప్రోగ్రాము సందేశాన్ని అందుకోగానే ఆ సందేశం చెరిగిపోదు. మనం వేరే గడువు పెట్టకపోతే 30 సెకన్లపాటు మిగతావారికి కనిపించకుండా మరుగున ఉంటుంది. ఆలోపు పని ముగించి, సందేశాన్ని తొలగించమని చెప్పాలి. చెప్పకపోతే, లేదా చెప్పేలోపు ప్రోగ్రాము ఆగిపోతే, సందేశం మళ్లీ బయటికి వస్తుంది, ఇంకొకరు దాన్ని అందుకుంటారు. (ఈ గడువును ‘దృశ్యమానతా కాలపరిమితి’ అని తెలుగు చేయకండి, ‘మరుగు గడువు’ చాలు.) అక్కడి సాధారణ క్యూ ఇచ్చే హామీ ‘కనీసం ఒకసారి’ మాత్రమే. ఆ సందేశం వెయ్యి రూపాయల చెల్లింపుదైతే, రెండుసార్లు అందితే రెండుసార్లు కోత పడవచ్చు. అందుకే ఆ పనిని ‘ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి చేసినట్టే ఉండేలా’ రాస్తారు. ఈ గుణానికి ఇంగ్లీషులో లాటిను నుంచి వచ్చిన ‘ఐడెంపొటెన్సీ’ అన్న మాట ఉంది. తెలుగులో దానికి పదం కంటే పై వాక్యమే మేలు. కాబట్టి మీరు వేరుగా ఉంచవలసిన హామీలు మూడు: కనీసం ఒకసారి, ఒకసారికి మించకుండా, కచ్చితంగా ఒక్కసారే. ‘ఒకేసారి’ ఈ మూడింటిలో దేనికీ చెల్లదు.

మీరు అడగకపోయినా, మీ పుస్తకంలో తప్పక ఎదురయ్యే మాటలు రెండున్నాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా పని కాని సందేశాలను పక్కకు తీసిపెట్టే చోటుకు ఇంగ్లీషులో పెట్టిన ‘డెడ్ లెటర్ క్యూ’ అన్న పేరు తపాలా శాఖ నుంచి వచ్చింది. చిరునామా దొరకని ఉత్తరాలు చేరే కార్యాలయాన్ని అక్కడ ‘డెడ్ లెటర్ ఆఫీసు’ అంటారు. ‘మృత లేఖా పంక్తి’ అంటే శ్రాద్ధ పత్రికలా ఉంటుంది. ‘చేరని ఉత్తరాల క్యూ’ అనండి. ఇక ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్ కాఫ్కా. లింక్డ్‌ఇన్ సంస్థలో పుట్టి 2011లో అందరికీ అందుబాటులోకి వచ్చిన దీన్ని కూడా చాలామంది క్యూ అనే అంటారు, కాని పాత పద్ధతిలో నడిచే క్యూతో పోలిస్తే దాని స్వభావం వేరు. చదివినంతమాత్రాన అందులో సందేశం పోదు. పెట్టుకున్న గడువు తీరేదాకా ఉంటుంది, ఎవరు ఎక్కడిదాకా చదివారో వారివారి గుర్తు వేరుగా ఉంటుంది. దీనికి మన షావుకార్ల ‘చిట్టా’ అతికినట్టు సరిపోతుంది. చిట్టాలోకి ఎక్కిన పద్దు చూసినందువల్ల చెరగదు, కొత్త పద్దు చివరనే చేరుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “వినియోగదారులు పంపిన విన్నపాలు సందేశాల క్యూలో చేరతాయి. సర్వరు వాటిని వంతు ప్రకారం తీసుకొని, ఒక్కొక్కదాన్ని ఒక్కసారే పూర్తిచేస్తుంది.” మీ వ్యవస్థ ఇచ్చే హామీ నిజంగా ‘ఒక్కసారే’ అవునో కాదో దాన్ని కట్టినవారిని అడిగి తెలుసుకోండి; కాకపోతే ఆ చోట ‘కనీసం ఒకసారి’ అని మార్చండి. విన్నపానికి బదులు అభ్యర్థననే ఉంచుకోదలిస్తే నాకు అభ్యంతరం లేదు, రిక్వెస్టు అని ఉంచినా లేదు. అయితే అభ్యర్థనలో ఉన్నది అడగడమనే అర్థం గల ‘అర్థ’ ధాతువు, సగమనే అర్థం గల ‘అర్ధ’ కాదు. ‘అభ్యర్ధన’ అని ధ-కారంతో రాసినవన్నీ థ-కారంగా దిద్దుకోవాలి.