తల్లి లేని నాలుగు పిల్లికూనలు: మంచి ఇళ్లు వెతకడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: సెల్లార్‌లో నాలుగు కూనలు దొరికాయి, తల్లి బండి కింద పడి చనిపోయింది, ఆరు వారాల వయసుంటుందని డాక్టర్ అన్నారు. మీది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్, ఉంచుకోవడం కుదరదు. గ్రూపులో ఫోటో పెట్టగానే పదిమంది "నాకివ్వండి" అన్నారు. ఎవరికివ్వాలి?

ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. కనీసం ఎనిమిది వారాలు నిండాలి, పది వారాలైతే ఇంకా మంచిది. తోబుట్టువులతో కొట్టుకుంటూ ఆడుకునే ఈ రోజుల్లోనే ఎంత గట్టిగా కొరకొచ్చో కూనకు తెలిసేది. ముందే విడదీసిన కూన పెద్దయ్యాక మనుషుల చేతులు కొరుకుతుంది, అప్పుడు ఆ ఇంటివాళ్లు వెనక్కి తెచ్చిస్తారు. అడిగిన పదిమంది పేర్లూ రాసిపెట్టుకుని, "ఇంకో నాలుగు వారాలకు ఇస్తాం" అని చెప్పండి. ఆగలేమన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు, అదీ మంచిదే.

(ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒంటరిగా కనిపించిన కూన తల్లి మార్చే దారిలో ఉండొచ్చు. ఒళ్లు వెచ్చగా ఉండి, కడుపు నిండుగా ఉంటే కొన్ని గంటలు దూరం నుంచి చూడండి. వెంటనే ఎత్తుకురావద్దు.)

ఈ నాలుగు వారాల్లో చేయాల్సిన పని చాలా ఉంది. వంటింటి తూకం మీద రోజూ ఒకే వేళకు తూచి రాయండి. ఆరు వారాలకు 600 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి, రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు రోజులు బరువు పెరగకపోతే జబ్బు లోపల మొదలైందనుకోండి, బయటికి కనిపించే దాకా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. నట్టల మందు రెండు వారాలకోసారి, మోతాదు బరువును బట్టి డాక్టర్ చెప్పిందే. ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి.

ఫ్లీ పురుగుల కోసం మామూలు పేల దువ్వెన చాలు. మెడ వెనక, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల రవ్వల్ని తడి టిష్యూ మీద నొక్కండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది మట్టి కాదు, పురుగు తాగి విసర్జించిన రక్తం. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు మాత్రం ఒక్క చుక్క కూడా వేయొద్దు. పిల్లులకు అది విషం, మూర్ఛ వచ్చి చచ్చిపోతాయి.

చెవుల అంచున, ముక్కు మీద, పంజాల మీద గుండ్రంగా వెంట్రుక ఊడి పొట్టు రాలుతుంటే తామర కావచ్చు. తగ్గిందని డాక్టర్ చెప్పాకే ఇవ్వండి. అది మనుషులకూ అంటుతుంది. కొత్త ఇంట్లో పిల్లాడి చేతి మీద తామర లేచిన రోజే కూన ఆ ఇంటికి బరువైపోతుంది.

టీకా: మూడు జబ్బులకు కలిపి వేసేది ఎనిమిది వారాలకు మొదటి డోసు, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ పన్నెండు వారాల తర్వాత. మొదటి డోసు మీరే వేయించి, తర్వాతి తేదీలు కార్డు మీద రాసివ్వండి. ఈ మూడింటిలో ఎక్కువగా ప్రాణం తీసేది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు. నిన్నటిదాకా ఎగిరిన కూన నీళ్ల గిన్నె మీద తలవాల్చి కూర్చుంటుంది, తాగదు, వాంతులు, విరేచనాలు, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. అందుకే అడిగినవాళ్లందరికీ వేయాల్సిన మొదటి ప్రశ్న: "ఈ ఏడాదిలో మీ ఇంట్లో పిల్లి గానీ కూన గానీ చనిపోయిందా?" ఔనంటే, ఎంత మంచివాళ్లైనా, టీకాలు పూర్తయిన పెద్ద పిల్లినే ఇవ్వాలి. మీ నాలుగింటిలో ఒకదానికి ఈ జబ్బు వస్తే మిగతా మూడింటినీ రెండు వారాలు ఎక్కడికీ పంపకండి. నేల ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ కడగండి. మామూలు ఫినాయిల్‌కు ఈ వైరస్ చావదు, పైగా పిల్లులకు అదే ప్రమాదం.

ఆడదా మగదా అన్నది ప్రకటన రాసేముందే తేల్చుకోండి, ఇందులో చాలామంది పొరపడతారు. తోక ఎత్తి చూడండి. మలద్వారం కిందే దగ్గరగా చిన్న నిలువు గీత ఉంటే ఆడది. సుమారు సెంటీమీటరు ఎడంగా గుండ్రటి చుక్క ఉంటే మగది. మూడు రంగులు కలిసినవి దాదాపు అన్నీ ఆడవే.

ఫోటో పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఒకే రంగు దుప్పటి మీద, కూన కళ్ల ఎత్తుకు మీరు వంగి తీయండి. పదిహేను సెకన్ల వీడియో ఒకటి: తాడుతో ఆడేదో, ఒళ్లో గుర్రుమనేదో. "అర్జెంట్", "లేకపోతే చచ్చిపోతాయి" అని రాస్తే జాలితో అడిగేవాళ్లు వస్తారు, జాలి రెండు వారాల్లో ఆవిరవుతుంది. ఇలా రాయండి:

"బూడిద రంగు చారల ఆడకూన, పది వారాలు. నట్టల మందు, మొదటి టీకా అయ్యాయి. మలమూత్రాలకు ఇసుక ట్రే వాడుతుంది. కొత్తవాళ్లను చూస్తే మొదట దాక్కుంటుంది, గంటలో బయటికొస్తుంది. కూకట్‌పల్లి చుట్టుపక్కల ఇళ్లకే ఇస్తాం, మేమే తెచ్చి దిగబెడతాం. బాల్కనీకి జాలీ ఉండాలి, ఐదు నెలలు నిండేలోపే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి."

ఇంటి చిరునామా, ఫ్లాట్ నంబర్ పెట్టొద్దు. తెల్లారేసరికి గుమ్మం ముందు కూనలతో ఇంకో అట్టపెట్టె ఉంటుంది.

నల్లకూన ఉంటే దాన్ని ఆఖరున ఇద్దామని ఆపకండి. ఎదురొస్తే అపశకునమనే నమ్మకం వల్ల మన దగ్గర నల్లవాటికి ఇళ్లు దొరకడం ఆలస్యమే. దాని ప్రకటన ముందు వేయండి. "అమ్మకు ఇష్టం లేదు, కానీ ఒప్పిస్తా" అన్నవాళ్లకు ఇవ్వొద్దు.

అసలు పని ఫోన్‌లో మాట్లాడటం. "జంతువులంటే మీకు ఇష్టమేనా" అని అడగడం దండగ, కాదని ఎవరూ అనరు. ఏం చేస్తారో అడగండి.

ఏం పెడతారు? "పాలు, పెరుగన్నం" అంటే వెంటనే కాదనకండి, చాలామందికి తెలియకే అంటారు. పిల్లి మాంసాహారి. టౌరిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది, అది అందకపోతే గుండె ఉబ్బుతుంది, చూపు పోతుంది. ఇది చెప్పాక "సరే, పిల్లి తిండి కొంటాం, ఉడికించిన చికెన్ కూడా పెడతాం" అన్నవాళ్లు పనికొస్తారు. "మా ఇంట్లో మాంసం రానివ్వం, డబ్బా తిండి కూడా వద్దు" అంటే ఆ ఇల్లు ఎంత పద్ధతైనదైనా పిల్లికి కాదు.

బాల్కనీ చూపించమని వీడియో కాల్ అడగండి. పావురాల కోసం కట్టిన సన్నటి నైలాన్ వలను పిల్లి పళ్లతో తెంపేస్తుంది. ఇనుప జాలీ గానీ, మందపాటి వల గానీ ఉండాలి. కిటికీ గ్రిల్ సందులోంచి కూన తల పట్టిందంటే ఒళ్లు కూడా పడుతుంది. వాషింగ్ మెషిన్ పెట్టే యుటిలిటీని చాలామంది మర్చిపోతారు. కూనలు పడేది అక్కడి నుంచే. రెండో అంతస్తు పైన ఉన్న ఇంటికి జాలీ బిగించిన ఫోటో వచ్చాకే కూన వెళ్లాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? అబ్బాయి కాదు, రోజంతా ఇంట్లో ఉండే అమ్మగారో అత్తగారో ఫోన్‌లోకి వచ్చి ఒక్క మాట అనాలి. అద్దె ఇల్లైతే ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ చూపించాలి. బ్యాచిలర్ రూమ్‌లో నలుగురూ కలిసి పెంచుతామంటే, ఖాళీ చేసేటప్పుడు ఎవరు తీసుకెళ్తారని అడగండి. ఒక్క పేరు రాకపోతే వద్దు.

గర్భిణి ఉన్న ఇంట్లో ఆరో నెలకు పిల్లిని వెనక్కిచ్చేయడం మామూలు. ముందే మాట్లాడండి. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి పిల్లి మలంలో బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ట్రేను రోజూ వేరేవాళ్లు శుభ్రం చేస్తే, పిల్లికి పచ్చి మాంసం పెట్టకపోతే, భయపడాల్సింది చాలా తక్కువ. డాక్టర్‌ను అడిగి, నిబ్బరంగా ఉన్నారనిపిస్తేనే ఇవ్వండి.

ఎలుకల కోసం అడిగే కిరాణా షాపుల వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ ఆ షాపులో ఎలుకల మందు కూడా ఉంటుంది, మందు తిన్న ఎలుకను పిల్లి తింటుంది. పది వారాల కూన ఎలుకను పట్టలేదు కూడా. నాలుగూ ఒకేసారి ఇచ్చేయమనేవాళ్లకు, ఇల్లు చూపించడానికి ఒప్పుకోనివాళ్లకు, "పుట్టినరోజు గిఫ్టు" అనేవాళ్లకు నేరుగా కాదని చెప్పండి. ఇంట్లో వేరే పిల్లి లేకపోతే, ఒకటి అడిగినవాళ్లకు రెండు తీసుకోమని చెప్పి చూడండి. జంటగా వెళ్లినవి ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి, రాత్రిళ్లు ఏడవవు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం ఆపరేషన్. ఆడపిల్లి నాలుగు నెలల వయసుకే ఎదకు రావచ్చు, గర్భం తొమ్మిది వారాలే. ఇప్పుడు జాగ్రత్తగా ఇచ్చిన ఆడకూన ఆపరేషన్ లేకుండా పెరిగితే ఏడాది తిరక్కుండా ఇంకో నాలుగు కూనలు ఇంకో సెల్లార్‌లో ఉంటాయి. "ఒక్కసారి ఈననిస్తే మంచిది" అనేది ఉత్త మాట. మగదానికీ తప్పదు: ఇల్లంతా మూత్రం చిమ్ముతుంది, కొట్లాడి చీము గడ్డలతో వస్తుంది. తీసుకునేటప్పుడే రెండు వేలు డిపాజిట్ పెట్టించుకుని, ఆపరేషన్ బిల్లు చూపించగానే తిరిగిచ్చేయండి. ఖర్చు భయం ఉన్నవాళ్లకు రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రుల్లో అడగమనండి. డిపాజిట్ మాట వినగానే మాయమైనవాళ్ల గురించి బాధపడకండి.

కాగితం ఒక పేజీ చాలు: పేరు, గుర్తింపు కార్డు కాపీ, జాలీ, టీకాలు, ఆపరేషన్ నెల, ఇంకొకరికి ఇవ్వకూడదన్న మాట, ఎప్పుడు వద్దనుకున్నా మీకే తిరిగివ్వాలన్న మాట. ఆఖరిది పెద్ద అక్షరాల్లో రాయండి.

కూనను మీరే తీసుకెళ్లండి, అట్టపెట్టెలో కాదు, క్యారియర్‌లో. వెంట ఒక వారానికి సరిపడా పాత తిండి, అది వాడిన ట్రేలోంచి గుప్పెడు ఇసుక, తోబుట్టువుల వాసన ఉన్న గుడ్డ. తిండి మార్చాలంటే వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. మొదటి మూడు రోజులు ఒకే గదిలో తలుపేసి ఉంచమనండి. ఇల్లంతా వదిలేస్తే బీరువా వెనక దూరి తిండికీ రాదు, మూల మీద మూత్రం పోస్తుంది, "దీనికి ట్రే రాదన్నమాట" అనుకుంటారు. నేల తుడిచే ఫినాయిల్ మార్చమనండి: పిల్లి పాదాలు నాక్కుంటుంది, ఆ రసాయనాన్ని దాని కాలేయం విరిచేయలేదు. బీరువాలో కలరా ఉండలు, కుండీల్లో లిల్లీ మొక్కలు తీసేయాలి. జ్వరమని పారాసెటమాల్ వేస్తే ప్రాణం పోతుంది, ఇది కార్డు మీదే రాయండి.

మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు ఫోన్ చేయండి. "ఎలా ఉంది" కాదు, "ఎన్నిసార్లు తిన్నది, ట్రేలో ఏం కనిపించింది" అని అడగండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించమనండి, మూడో రోజుకూ సరిగ్గా తిననిదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే మేలు. ఒక కూన మిగిలిపోతే దాన్ని చేపల మార్కెట్ దగ్గర వదిలేయమనేవాళ్ల మాట వినకండి. జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మిగిలినదానికి ఆపరేషన్, టీకాలు మీరే పూర్తి చేయించి, ఆరో నెలలో కొత్త ఫోటోతో మళ్లీ ప్రకటన వేయండి. ట్రే అలవాటై, కరవడం మానిన పిల్లి కావాలనుకునే పెద్ద వయసువాళ్లు ఉంటారు, వాళ్లు అడిగేది కూనను కాదు.